విండోస్ ప్రోగ్రామ్‌లు లినక్స్‌లో: పాత సీడీ, సీరియల్ కేబుల్, డాంగిల్ ఉన్నవాళ్లకు దారేది?

నీలిదారం

అందరికీ నమస్కారం. ఎంబ్రాయిడరీ డిజైన్లు చేయడం నా పని. నా కంప్యూటర్ పాతదే కానీ ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. అందులో 32-బిట్ విండోస్ 10 ఉంది. 2025 అక్టోబర్ 14తో దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే ఈ ప్రాసెసర్‌కు కుదరదంటోంది. అందుకని లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్ మీద నుంచి నడిపి చూశాను. వైఫై, ప్రింటర్, సౌండ్ అన్నీ దొరికాయి. ఇంటర్నెట్, మెయిల్ వరకు నాకు ఏ ఇబ్బందీ లేదు.

చిక్కంతా నా పనికి వాడే విండోస్ ప్రోగ్రామ్‌లతోనే. డిజైన్ గీసే ప్రోగ్రామ్ 2003 నాటిది. సీడీ ఉంది, తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. నా డిజైన్లన్నీ దాని సొంత ఫార్మాట్‌లోనే ఉన్నాయి. గీసినదాన్ని ఎంబ్రాయిడరీ మెషిన్‌కు పంపడానికి ఇంకో చిన్న ప్రోగ్రామ్ ఉంది. అది సీరియల్ కేబుల్ మీద పంపుతుంది, కేబుల్‌ను యూఎస్‌బీ కన్వర్టర్‌తో కంప్యూటర్‌కు కలిపాను. వీటికి తోడు ఫోటోను కుట్లుగా మార్చే ప్రోగ్రామ్ ఒకటి. యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్స్ తాళంలా పనిచేసే చిన్న పరికరం) పెడితే తప్ప అది తెరుచుకోదు.

తెలిసిన టెక్నీషియన్ ఒకరిని అడిగితే, "ఇవేవీ లినక్స్‌లో నడవవు, కొత్త కంప్యూటర్ కొనుక్కోండి, అదొక్కటే దారి" అన్నారు. నిజంగా అంతేనా?

పాతడిస్కు

నీలిదారం గారూ, అంతే కాదు. పైగా ఆ సలహా ప్రకారం కొత్త కంప్యూటర్ కొంటే మీ 2003 సీడీ అందులో అసలు ఇన్‌స్టాల్ కాకపోవచ్చు. దాని సంగతి తర్వాత చెబుతాను, ముందు అసలు విషయం.

చాలామంది "వైన్ మంచిదా, వర్చువల్ మెషిన్ మంచిదా" అని మొదలుపెడతారు. వైన్ అంటే విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్ మీద నడిపించే సాఫ్ట్‌వేర్, వర్చువల్ మెషిన్ అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నిలబెట్టే ఇంకో కంప్యూటర్. ముందు చూసుకోవాల్సింది అది కాదు. మీ ప్రోగ్రామ్ కంప్యూటర్‌లో ఎంత లోతు వరకు చేయి పెడుతుందో చూడాలి. అది తేలితే ఏది వాడాలో దానంతటదే తేలిపోతుంది.

ప్రోగ్రామ్ ఫైల్‌లో ఉండేవి ప్రాసెసర్‌కు ఇచ్చే ఆదేశాలు. అదే ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ చిప్ మీద విండోస్ ఉన్నా, లినక్స్ ఉన్నా కూడిక కూడికే, గుణకారం గుణకారమే. తేడా వచ్చేది "ఈ ఫైల్ తెరువు", "ఇక్కడ విండో గీయి", "ఈ అక్షరాలు చూపించు" అని ప్రోగ్రామ్ సిస్టమ్‌ను అడిగేటప్పుడు. విండోస్‌లో ఇలా అడగడమంతా కెర్నెల్32, యూజర్32, జీడీఐ32 లాంటి డీఎల్ఎల్‌ల (ప్రోగ్రామ్‌లు పంచుకునే కోడ్ ఫైళ్ల) ద్వారా జరుగుతుంది. వైన్ వాళ్లు ఆ డీఎల్ఎల్‌లను మొదటి నుంచి సొంతంగా రాశారు. మీరు ఈఎక్స్‌ఈ (విండోస్ ప్రోగ్రామ్ ఫైల్) మీద డబుల్ క్లిక్ చేస్తే వైన్ దాన్ని మెమరీలోకి తెచ్చి, తన డీఎల్ఎల్‌లను పక్కన నిలబెడుతుంది. ప్రోగ్రామ్ విండోస్‌ను అడుగుతున్నాననుకుని వైన్‌ను అడుగుతుంది, వైన్ ఆ పనిని లినక్స్‌తో చేయించి జవాబు అందిస్తుంది. మధ్యలో ప్రాసెసర్ ఆదేశాలను మార్చే పని లేదు కాబట్టి వేగం పెద్దగా తగ్గదు.

ఇదేమీ చిన్న పని కాదు. 1993లో మొదలుపెడితే 1.0 వెర్షన్ 2008 జూన్‌లో వచ్చింది. 1994 నుంచి అలెగ్జాండర్ జూలియార్డ్ ఆ ప్రాజెక్టును నడిపిస్తున్నారు. విండోస్ డాక్యుమెంట్లలో లేని ప్రవర్తన మీద కూడా ఆధారపడ్డ ప్రోగ్రామ్‌లు వేలకు వేలు ఉన్నాయి. ఒక ఫంక్షన్ తప్పు ఇన్‌పుట్‌కు ఏ ఎర్రర్ నంబర్ ఇస్తుందో కూడా అచ్చం అలాగే ఉండాలి, లేకపోతే ఎక్కడో ఒక ప్రోగ్రామ్ మూసుకుపోతుంది. ఆ ఓపికకు నేను చేతులెత్తి దండం పెడతాను.

ఇక మీ మూడింటి సంగతి. డిజైన్ ప్రోగ్రామ్ ఫైళ్లు తెరవడం, గీతలు గీయడం తప్ప ఇంకేమీ చేయదు కాబట్టి వైన్‌లో నడిచే అవకాశం ఎక్కువ. సీరియల్ కేబుల్‌ది కూడా ఫర్వాలేదు, కొంచెం సర్దుబాటు కావాలి. డాంగిల్ మాత్రం వేరు. దాని వెంట వచ్చే డ్రైవర్ విండోస్ కెర్నెల్ (సిస్టమ్ మూల భాగం) లోపలికి వెళ్లి కూర్చుంటుంది. లినక్స్ కెర్నెల్‌లో దానికి చోటు లేదు, వైన్ ఉండేది కెర్నెల్ బయట. దానికి వర్చువల్ మెషిన్ తప్పదు.

రెండోతెర

ఎలాగూ మూడోదానికి వర్చువల్ మెషిన్ కావాలంటున్నారు కదా, మూడూ అందులోనే పెట్టేస్తే పోలేదా? నేను ఆఫీసు పనికి కావాల్సిన విండోస్ ప్రోగ్రామ్‌లన్నీ వర్చువల్‌బాక్స్ అనే వర్చువల్ మెషిన్ ప్రోగ్రామ్‌లోనే వాడతాను. లోపల ఉండేది అసలు విండోసే. ఈ ఫంక్షన్ ఉందా, ఆ డీఎల్ఎల్ సరిపోతుందా అన్న టెన్షన్ లేదు. ఏదైనా ఇన్‌స్టాల్ చేసేముందు స్నాప్‌షాట్ తీసుకుంటాను, చెడిపోతే వెనక్కి వెళ్తాను. వైన్‌లో ఈ రోజు నడిచింది రేపటి అప్‌డేట్ తర్వాత నడుస్తుందని ఎవరు హామీ ఇస్తారు?

కెర్నెల్‌కబుర్లు

రెండోతెర గారు చెప్పిన దాంట్లో న్యాయం ఉంది. కానీ వర్చువల్ మెషిన్ అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను మొత్తంగా నిలబెట్టడం. దానికి వేరే ర్యామ్, వేరే డిస్క్ ఇవ్వాలి. అందులో వేసే విండోస్‌కు లైసెన్స్ కావాలి. ఒక్క డిజైన్ తెరవడానికి ముందు విండోస్ మొత్తం లేవాలి. రోజంతా ఒకే ప్రోగ్రామ్‌లో కూర్చుని పనిచేసేవాళ్లకు ఫైళ్లు అటూ ఇటూ పంపుకోవడమే విసుగు.

అప్‌డేట్ భయానికి మందు ఉంది. పనిచేసే వైన్ వెర్షన్‌ను ప్యాకేజీ మేనేజర్‌లో అక్కడే ఆపేయవచ్చు. వైన్‌ను సర్దిపెట్టే బాటిల్స్, లూట్రిస్ లాంటి ప్రోగ్రామ్‌లలోనైతే ఒక్కో ప్రోగ్రామ్‌కు ఒక్కో వైన్ వెర్షన్ కేటాయించుకోవచ్చు.

నీలిదారం గారూ, మీ ర్యామ్ ఎంత?

నీలిదారం

8 జీబీ ఉంది. 32-బిట్ విండోస్ కావడంతో అందులో సగమే కనిపించేది, మింట్‌లో మొత్తం కనిపిస్తోంది. డబ్బాలో కొన్న విండోస్ 7 డిస్క్, కీ కూడా ఉన్నాయి, ఇప్పుడు ఏ కంప్యూటర్‌లోనూ వాడటం లేదు.

పాతడిస్కు గారూ, సీడీ కొత్త కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ కాదన్నారు, ఎందుకని? ఇక్కడ బాగానే అయింది కదా.

పాతడిస్కు

మీది 32-బిట్ విండోస్ కాబట్టి అయింది. ఆ కాలపు సీడీల్లో ప్రోగ్రామ్ 32-బిట్‌దే అయినా, దాన్ని ఇన్‌స్టాల్ చేసే సెటప్ ఫైల్ కొన్నిసార్లు 16-బిట్‌ది, విండోస్ 3.1 కాలం నాటిది. 64-బిట్ విండోస్ 16-బిట్ ప్రోగ్రామ్‌లను నడపదు. బాగా వాడుకలో ఉన్న కొన్ని పాత ఇన్‌స్టాలర్లను మాత్రం గుర్తుపట్టి వాటి స్థానంలో 32-బిట్‌వి నడుపుతుంది. మిగతావాటికి ఈ కంప్యూటర్‌లో నడవదు అన్న మెసేజే. విండోస్ 11కు 32-బిట్ ఎడిషనే లేదు.

విచిత్రంగా వైన్ మాత్రం 64-బిట్ లినక్స్ మీద కూడా 16-బిట్ విండోస్ ప్రోగ్రామ్‌లను నడపగలదు. ప్రాసెసర్ 64-బిట్ మోడ్‌లో ఉన్నప్పుడు పాత డాస్ ప్రోగ్రామ్‌లకు కావాల్సిన వర్చువల్ 8086 మోడ్ ఉండదు. కానీ 16-బిట్ ప్రొటెక్టెడ్ మోడ్ ఉంటుంది, వైన్ దాన్ని వాడుకుంటుంది. ఆ వైన్ కోడ్‌నే తీసుకుని 64-బిట్ విండోస్ మీద 16-బిట్ ప్రోగ్రామ్‌లు నడపడానికి వైన్‌వీడీఎం అనే ప్రాజెక్టు కూడా వచ్చింది. అంటే విండోస్ వదిలేసిన పాత విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్ వైపు నుంచి వచ్చిన కోడ్ కాపాడుతోంది. ఈ మాట నేను ఎక్కడికి వెళ్లినా చెబుతాను, ఎందుకంటే జనం ఇళ్లలో ఇలాంటి సీడీలు ఎన్నో పడి ఉన్నాయి.

ఒక జాగ్రత్త. మింట్‌లో వైన్ వేసేటప్పుడు 32-బిట్ లైబ్రరీలు కూడా పడేలా చూసుకోండి. అవి లేకుండా 64-బిట్ వైన్ ఒక్కటే పడితే మీ సెటప్ కదలకపోవచ్చు.

గళ్లచొక్కా

మధ్యలో ఒక సందేహం. మైక్రోసాఫ్ట్ డీఎల్ఎల్‌లను ఇంకొకరు రాసుకోవడం చట్టప్రకారం సరైనదేనా? ఆఫీసులో వైన్ వాడదామంటే మా వాళ్లు ముందు అడిగేది ఇదే.

కెర్నెల్‌కబుర్లు

వైన్‌లో మైక్రోసాఫ్ట్ కోడ్ లేదు. విండోస్ సోర్స్ కోడ్ చూసినవాళ్ల నుంచి కోడ్ తీసుకోకూడదన్నది ఆ ప్రాజెక్టు నియమం. ఎప్పుడైనా విండోస్ సోర్స్ లీకైతే దాని జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతారు. ప్రోగ్రామ్‌కు ఏమి ఇస్తే ఏమి వస్తుందో బయటి నుంచి పరీక్షలు రాసి చూసి, అదే ఫలితం వచ్చేలా కోడ్ రాస్తారు. వైన్‌ది 2002 నుంచి ఎల్‌జీపీఎల్ అనే ఓపెన్‌సోర్స్ లైసెన్స్. అమెరికా సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో గూగుల్, ఒరాకిల్ కేసులో జావా ఏపీఐలను (ప్రోగ్రామ్‌లు సేవలు అడిగే ఇంటర్‌ఫేస్‌లను) గూగుల్ తిరిగి రాసుకోవడం ఫెయిర్ యూజ్ (అనుమతి లేకున్నా చట్టం ఒప్పుకునే వాడకం) కిందికి వస్తుందని 6-2తో తీర్పిచ్చింది. అది వైన్ గురించి కాదు, కానీ ఇంటర్‌ఫేస్‌లను తిరిగి అమలు చేయడం మీద చర్చ వస్తే అందరూ ఎత్తేది ఆ తీర్పే.

ఇంకో సంగతి, 2024 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ తన మోనో ప్రాజెక్టు బాధ్యతను వైన్ వాళ్లకే అప్పగించింది. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ వేదిక మీద రాసిన ప్రోగ్రామ్‌లకు వైన్ వాడేది మోనోనే.

మీ ఆఫీసువాళ్లు నిజంగా చదవాల్సింది నడపబోయే ప్రోగ్రామ్ లైసెన్స్. ఫలానా ఆపరేటింగ్ సిస్టమ్ మీదే నడపాలని అందులో షరతు ఉందేమో చూసుకోవాలి. వర్చువల్ మెషిన్‌లో వేసే విండోస్‌కు కూడా లైసెన్స్ కావాలి, అక్కడ మినహాయింపు లేదు.

జాయ్‌స్టిక్

గేములు ఆడేవాళ్లెవరైనా ఈ పేజీకి వస్తే వాళ్ల కోసం ఒక ముక్క. 2018 ఆగస్టులో స్టీమ్ గేముల స్టోర్ నడిపే వాల్వ్ కంపెనీ తెచ్చిన ప్రోటాన్ లోపల ఉన్నది వైనే. విండోస్ గ్రాఫిక్స్ పద్ధతి అయిన డైరెక్ట్3డీ కాల్స్‌ను లినక్స్‌లోనూ ఉండే వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకే దానికి తోడైంది, డైరెక్ట్3డీ 12కు వీకేడీ3డీ-ప్రోటాన్ ఉంది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి గేమ్ కంప్యూటర్‌లో విండోస్ గేములు నడిచేది ఇలాగే. నడవనివి ఎక్కువగా కెర్నెల్‌లో కూర్చునే యాంటీ-చీట్ ఉన్న ఆన్‌లైన్ గేములు. పాతడిస్కు గారు డాంగిల్ గురించి చెప్పిన కారణమే ఇక్కడ కూడా.

తాళంచెవి

ఇంతవరకు ఎవరూ అనలేదు కాబట్టి నేనే అంటాను. వైన్ అంటే రక్షణ గోడ కాదు. "లినక్స్‌లో ఉన్నాను కదా, విండోస్ వైరస్ నన్నేం చేస్తుంది" అనుకుని అడ్డమైన ఈఎక్స్‌ఈలన్నీ డబుల్ క్లిక్ చేసేవాళ్లను చూస్తే నాకు గుండె దడ.

వైన్‌లో సీ డ్రైవ్ అంటే మీ హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉన్న ఒక ఫోల్డర్. కానీ జెడ్ డ్రైవ్ అని ఇంకొకటి ఉంటుంది, అది నేరుగా లినక్స్ రూట్‌కు దారి. మీ పేరు మీద నడిచే ప్రోగ్రామ్ మీరు తెరవగల ఏ ఫైల్‌నైనా తెరవగలదు, మార్చగలదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే విండోస్ రాన్సమ్‌వేర్ వైన్‌లో నడిస్తే మీ ఫోటోలు, డిజైన్లు అన్నీ దాని చేతికి చిక్కుతాయి.

వైన్‌కాన్ఫిగ్ (వైన్ సెటింగ్స్ తెర, winecfg) తెరిచి డ్రైవ్‌ల ట్యాబ్‌లో జెడ్‌ను తీసేయండి. డిజైన్ల ఫోల్డర్ ఒక్కదానికి డీ అనో ఈ అనో అక్షరం ఇవ్వండి. డెస్క్‌టాప్ ఇంటిగ్రేషన్ ట్యాబ్‌లో మై డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటివి మీ అసలు ఫోల్డర్లకు లింకై ఉంటాయి, అవి కూడా తెంపేయండి. ఇది చేసినా పూర్తి రక్షణ కాదు, లినక్స్ సంగతి తెలిసి రాసిన ప్రోగ్రామ్ నేరుగా కెర్నెల్‌ను పిలిచి బయటపడగలదు. తెలిసిన ప్రోగ్రామ్ పొరపాటున ఏదీ తుడిచేయకుండా ఉండటానికైతే చాలు. ఇక సుడోతో (అడ్మిన్ అధికారంతో) వైన్ నడపడం మాత్రం ఎప్పుడూ, ఎవరు చెప్పినా వద్దు.

విండోస్ 7 వర్చువల్ మెషిన్‌కు నెట్‌వర్క్ కార్డే ఇవ్వకండి. 2020 జనవరిలోనే దాని సపోర్ట్ అయిపోయింది. ఫైళ్ల కోసం ఒక షేర్డ్ ఫోల్డర్ చాలు.

ఆపిల్‌తోట

నా దగ్గర ఎం-సిరీస్ చిప్ ఉన్న మ్యాక్ ఉంది. నీలిదారం గారిలాంటి అవసరమే నాకూ ఉంది, డాంగిల్ ఉన్న విండోస్ ప్రోగ్రామ్. పైన చెప్పిన పద్ధతి నాకు పనికొస్తుందా?

పాతడిస్కు

మీ దగ్గర సమస్య ఇంకో మెట్టు ఎక్కువ. పైన "ఏ సిస్టమ్‌లోనైనా కూడిక కూడికే" అన్నాను కదా, అది ప్రాసెసర్ జాతి ఒకటే అయినప్పుడు. మీ చిప్ ఆర్మ్ జాతిది, ప్రోగ్రామ్‌లోని ఆదేశాలు ఎక్స్86వి, అంటే ఇంటెల్, ఏఎమ్‌డీ చిప్‌ల జాతివి. అంటే సిస్టమ్ కాల్స్‌ను మాత్రమే కాదు, ఆదేశాలను కూడా మార్చాలి. 2020లో ఆ చిప్‌లతో పాటు ఆపిల్ ఇచ్చిన రోజెట్టా 2 ఆ పని చేస్తుంది. మ్యాక్ మీద విండోస్ ప్రోగ్రామ్ నడిపితే రోజెట్టా ఆదేశాలు మారుస్తుంటే, దాని మీద వైన్ విండోస్ పాత్ర పోషిస్తుంది. అసలు మ్యాక్ఓఎస్ 2019లో కాటలీనాతోనే 32-బిట్ ప్రోగ్రామ్‌లను వదిలేసింది. అయినా వైన్ ఆధారంగా క్రాస్ఓవర్ అనే ప్రోగ్రామ్ తయారుచేసే కోడ్‌వీవర్స్ వాళ్లు కష్టపడి 32-బిట్ విండోస్ ప్రోగ్రామ్‌లకు 64-బిట్ ప్రాసెస్‌లోనే దారి వేశారు. వైన్ అభివృద్ధికి పెద్ద దన్ను ఆ కంపెనీయే. అయితే రోజెట్టా పూర్తి రూపంలో మ్యాక్ఓఎస్ 27 వరకే ఉంటుందని ఆపిల్ ప్రకటించింది, ఆ లెక్క కూడా మనసులో పెట్టుకోండి.

మీ డాంగిల్ విషయంలో మాత్రం ఆశ పెట్టుకోకండి. మీ మ్యాక్‌లో వర్చువల్ మెషిన్ మామూలు వేగంతో నడపగలిగేది ఆర్మ్ విండోస్ 11నే. అది ఎక్స్86 ప్రోగ్రామ్‌లను ఎమ్యులేషన్‌తో నడుపుతుంది, కానీ కెర్నెల్ డ్రైవర్లకు ఆ సౌకర్యం లేదు. డ్రైవర్ ఆర్మ్ కోసమే తయారై ఉండాలి. మీ డాంగిల్ కంపెనీ ఆర్మ్64 డ్రైవర్ ఇస్తోందేమో అడగండి. లేకపోతే పాత ఇంటెల్ కంప్యూటర్ ఒకదాన్ని ఆ పనికోసమే ఉంచుకోవడం నయం.

ఆపిల్‌తోట

అడిగాను. ఆర్మ్ డ్రైవర్ ఉందట! కొత్త మోడల్ డాంగిళ్లకు మాత్రమే, నాది ఆ మోడలే. ధన్యవాదాలు.

నీలిదారం

వారాంతంలో కూర్చున్నాను. కంప్యూటర్ విప్పి విండోస్ ఉన్న పాత డిస్క్ తీసి పక్కన పెట్టి, వేరే ఎస్ఎస్‌డీ మీద మింట్ వేశాను. ఏది కుదరకపోయినా వెనక్కి వెళ్లగలనన్న ధైర్యం ఉంటే చెయ్యి వణకదు.

సీడీ పెట్టి సెటప్ నొక్కితే నీలం రంగు నిండు తెరతో ఆ పాత ఇన్‌స్టాలర్ లేచింది! ప్రోగ్రామ్ తెరుచుకుంది, నా పాత డిజైన్లు తెరుచుకున్నాయి. రంగుదారాల పట్టికలో మాత్రం అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వైన్‌కు అదనపు భాగాలు చేర్చే వైన్‌ట్రిక్స్‌లో కోర్‌ఫాంట్స్ అనే ఫాంట్లు వేస్తే సర్దుకుంది. ఒక ఆకు డిజైన్‌లో కుట్టు సాంద్రత మార్చి, సేవ్ చేసి, మళ్లీ తెరిచి కుట్ల సంఖ్య సరిపోల్చాను, తేడా లేదు. తెర మీద బాగా కనిపించినంత మాత్రాన నమ్మలేను, బట్ట పాడైతే తిరిగి రాదు.

ఇప్పుడు కేబుల్ దగ్గర ఆగిపోయాను. పంపే ప్రోగ్రామ్‌లో పోర్టుల జాబితా కామ్1 నుంచి కామ్4 వరకే ఉంది. ఏది ఎంచుకున్నా "పోర్టు తెరవలేకపోయాం" అంటోంది.

కెర్నెల్‌కబుర్లు

బాగుంది, కష్టమైన సగం అయిపోయింది. కేబుల్ దగ్గర అడ్డుపడే అవకాశం ఉన్నవి చూద్దాం, ఈ వరసలోనే చూడండి.

ముందు లినక్స్‌కు కన్వర్టర్ కనిపిస్తోందా? టెర్మినల్‌లో డీమెసేజ్ కమాండ్ (sudo dmesg -w) నడుపుతూ కేబుల్ తీసి పెట్టండి. టీటీవైయూఎస్‌బీ0 (ttyUSB0) అనే పేరు రావాలి. పేరు వచ్చి వెంటనే డిస్‌కనెక్ట్ అని పడితే బీఆర్ఎల్‌టీటీవై (brltty) అనే ప్యాకేజీని అనుమానించండి. చూపులేనివాళ్లు వాడే బ్రెయిల్ డిస్‌ప్లేల కోసం ఉన్న మంచి ప్రోగ్రామ్ అది. కొన్ని బ్రెయిల్ పరికరాల్లోనూ, చవక కన్వర్టర్లలోనూ ఉండే సీహెచ్340 చిప్ ఒకటే ఐడీ చెబుతుంది కాబట్టి, ఉబుంటు 22.04 లోనూ దాని మీద కట్టిన మింట్ 21 లోనూ అది మీ కేబుల్‌ను బ్రెయిల్ డిస్‌ప్లే అనుకుని లాగేసుకుంటుంది. మీకు బ్రెయిల్ డిస్‌ప్లే లేకపోతే ఆ ప్యాకేజీ తీసేయండి.

తర్వాత అనుమతి. సీరియల్ పోర్టు తెరవాలంటే మీ యూజర్ డయల్‌అవుట్ గ్రూపులో ఉండాలి. చేర్చాక లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అయితేనే అమల్లోకి వస్తుంది.

ఆఖరిది పోర్టు నంబర్. వైన్ మదర్‌బోర్డు సీరియల్ పోర్టులకు కామ్1 నుంచి నంబర్లు ఇస్తుంది, యూఎస్‌బీవాటిని కామ్33 నుంచి మొదలుపెడుతుంది. మీ ప్రోగ్రామ్ నాలుగు దాటి చూడదు. వైన్ రెజ్‌ఎడిట్‌లో (రిజిస్ట్రీ మార్చే ప్రోగ్రామ్) హెచ్‌కీ లోకల్ మెషిన్, దాని కింద సాఫ్ట్‌వేర్, వైన్, పోర్ట్స్ దగ్గరకు వెళ్లండి. పోర్ట్స్ లేకపోతే తయారుచేసుకోండి. కామ్1 అనే పేరుతో స్ట్రింగ్ పెట్టి, విలువగా కన్వర్టర్ పూర్తి దారి ఇవ్వండి. టీటీవైయూఎస్‌బీ0 అని కాకుండా, డెవ్ ఫోల్డర్‌లో సీరియల్, దాని లోపల బై-ఐడీ అనే చోట మీ కన్వర్టర్ పేరుతో ఉన్న లింకు ఇస్తే నయం. అప్పుడు కేబుల్‌ను ఏ యూఎస్‌బీ సాకెట్‌లో పెట్టినా నంబర్ మారిపోయిందన్న గొడవ ఉండదు. అయ్యాక వైన్ మొత్తం ఆపి మళ్లీ మొదలుపెట్టండి.

రెండోతెర

డాంగిల్‌కు వర్చువల్‌బాక్స్ వేస్తుంటే 7.0 లేదా ఆ పైది తీసుకోండి. అంతకుముందు యూఎస్‌బీ 2, 3 కోసం ఎక్స్‌టెన్షన్ ప్యాక్ వేరుగా వేసుకోవాల్సి వచ్చేది, దాని లైసెన్స్ వేరు. 7.0 నుంచి ఆ సపోర్ట్ మూల ప్యాకేజీలోనే ఉంది. మీ యూజర్‌ను వీబాక్స్‌యూజర్స్ గ్రూపులో చేర్చకపోతే యూఎస్‌బీ జాబితా ఖాళీగా కనిపిస్తుంది. మెషిన్ సెటింగ్స్‌లో డాంగిల్‌కు ఒక ఫిల్టర్ పెట్టండి, విండోస్ లేవగానే అదే లోపలికి వెళ్తుంది. డ్రైవర్ ఇన్‌స్టాల్ అయ్యాక డాంగిల్ పెట్టండి, ముందే పెట్టకండి. పాత డాంగిళ్లలో చాలావాటికి మాన్యువల్‌లోనే ఆ హెచ్చరిక ఉంటుంది.

ఒకటి ఒప్పుకోవాలి. 8 జీబీలో మూడూ వర్చువల్ మెషిన్‌లో పెట్టమని ఇప్పుడైతే అనను. విండోస్ 7కు 3 జీబీ ఇచ్చి ఆ ఒక్క ప్రోగ్రామ్‌కే వాడండి.

పాతడిస్కు

ఇంకో మాట. ఇంక్‌స్కేప్ మీద నడిచే ఇంక్‌స్టిచ్ అని ఓపెన్‌సోర్స్ ఎంబ్రాయిడరీ ఎక్స్‌టెన్షన్ ఉంది, లినక్స్ మీద నేరుగా నడుస్తుంది. కొత్త డిజైన్లకు దాన్ని అలవాటు చేసుకుంటే ముందు ముందు వైన్ మీద ఆధారపడటం తగ్గుతుంది. మీ పాత డిజైన్లను డీఎస్‌టీగా (ఎంబ్రాయిడరీ మెషిన్లు వాడే ఫైల్ ఫార్మాట్) ఎగుమతి చేసి అందులో తెరవవచ్చు. కానీ డీఎస్‌టీలో ఉండేవి విడివిడి కుట్లే. ఆకు, పువ్వు అన్న ఆకారాలుగా మార్చుకోవాలంటే మీ పాత ప్రోగ్రామ్, దాని సొంత ఫైళ్లు ఉండాల్సిందే. అందుకే సొంత ఫార్మాట్ ఫైళ్లను ఎప్పటికీ తీసేయకండి.

నీలిదారం

బీఆర్ఎల్‌టీటీవైనే! పోర్టు పేరు ఇలా కనిపించి అలా మాయమైంది. అది తీసేసి, గ్రూపులో చేరి, రిజిస్ట్రీలో కామ్1 పెట్టాక మెషిన్ డేటా అందుకుంది. ముందు 9600 వేగంతో చిన్న అక్షరం ఒకటి పంపాను. తర్వాత నిండు డిజైన్ పంపితే మధ్యలో ఆగిపోయింది. ప్రోగ్రామ్‌లో ఫ్లో కంట్రోల్‌ను (అవతలివైపు సిద్ధమయ్యేదాకా డేటాను ఆపే సెటింగ్) హార్డ్‌వేర్‌కు మార్చాక చివరిదాకా వెళ్లింది. పనికిరాని బట్ట మీద కుట్టించి చూశాను, ఇంతకుముందు విండోస్ నుంచి పంపినదానికీ దీనికీ తేడా కనిపించలేదు.

డాంగిల్ ప్రోగ్రామ్ కూడా విండోస్ 7 లోపల తెరుచుకుంది. నెట్‌వర్క్ ఇవ్వలేదు, షేర్డ్ ఫోల్డర్ నుంచి ఫోటో తీసుకుని అక్కడే డిజైన్ పెడుతుంది. ఇటువైపు వైన్ ప్రోగ్రామ్‌కు అదే ఫోల్డర్ డీ డ్రైవ్‌గా ఉంది. జెడ్ తీసేశాను తాళంచెవి గారూ.

ఇంత కష్టపడి పెట్టుకున్నది పోకుండా వైన్ ఫోల్డర్‌ను బ్యాకప్ చేసుకోవాలంటే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే చాలా?

కెర్నెల్‌కబుర్లు

మామూలుగా లాగి పెన్‌డ్రైవ్‌లో పడేయకండి. వైన్ ఫోల్డర్‌లో డాస్‌డివైసెస్ అని ఒకటి ఉంటుంది, డ్రైవ్ అక్షరాలన్నీ అందులో లింకులే. లింకుల వెంట వెళ్లే పద్ధతిలో కాపీ చేస్తే మీ డీ డ్రైవ్ మొత్తం బ్యాకప్‌లోకి వచ్చి పడుతుంది. జెడ్ ఉన్నవాళ్లకైతే డిస్క్ అంతా. పైగా పెన్‌డ్రైవ్‌ల మీద ఉండే ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ ఈ లింకులను దాచుకోలేదు. టార్‌తో ఒకే ఫైల్‌గా కట్టి అప్పుడు కాపీ చేయండి, టార్ లింకును లింకుగానే ఉంచుతుంది. ప్రోగ్రామ్ మూసి, వైన్ ఆగాక కట్టండి, రిజిస్ట్రీ మార్పులు అప్పటికి డిస్క్ మీదికి చేరి ఉంటాయి. ఏ వైన్ వెర్షన్‌తో పనిచేసిందో ఫైల్ పేరులోనే రాసుకోండి. సీడీని కూడా ఐఎస్ఓగా (డిస్క్ మొత్తానికి నకలు ఫైల్) తీసి పెట్టుకోండి, 2003 నాటి డిస్క్ ఇంకెన్నాళ్లు చదవబడుతుందో చెప్పలేం.

నీలిదారం

టార్ కట్టాను, ఐఎస్ఓ తీశాను. వైన్ వాళ్ల యాప్‌డీబీలో (ఏ ప్రోగ్రామ్ వైన్‌లో ఎలా నడుస్తుందో రాసే జాబితా) ఈ ప్రోగ్రామ్ పేరే లేదు. అందుకని కొత్త ఎంట్రీ పెట్టాను: సీడీ వెర్షన్, 16-బిట్ సెటప్ నడిచిందన్న సంగతి, కోర్‌ఫాంట్స్, కామ్1 రిజిస్ట్రీ మార్పు, ఫ్లో కంట్రోల్ అన్నీ రాశాను. ఫాంట్లు వేయాల్సి వచ్చింది కాబట్టి రేటింగ్ ప్లాటినం కాకుండా గోల్డ్ ఇచ్చాను.